శరణం నుండి గృహం వరకు: అమెరికాలో భూటాన్ శరణార్థుల పునరావాస సమస్యలు – పరిశీలన

వ్యాససంగ్రహం

స్వదేశంలో పౌరసత్వం కోల్పోయి, నేపాల్ శిబిరాలలో దాదాపు రెండు దశాబ్దాలు గడిపిన నేపాలీ భాషీయులైన భూటాన్ ప్రజలలో అత్యధికులు 2008 నుండి అమెరికాకు తరలివెళ్ళారు. శరణార్థుల పునరావాస చరిత్రలో దీన్ని ఒక విజయగాథగా పేర్కొనడం పరిపాటి. అయితే కొత్త దేశంలో అడుగుపెట్టడంతోనే శరణార్థి జీవితం కుదుటపడిందని భావించడం సరికాదు. ఉపాధి, భాష, వయస్సు, కుటుంబ సంబంధాలు, మానసిక ఆరోగ్యం, పౌరసత్వం అనే అంశాల ఆధారంగా వారి పునర్నిర్మాణ ప్రయత్నంలో ఎదురైన అవరోధాలను ఈ వ్యాసం విశ్లేషిస్తుంది. రక్షణ కల్పించడానికీ, జీవితాన్ని నిలబెట్టడానికీ అవసరమయ్యే కాలవ్యవధులు ఒకటి కావన్నది ఈ వ్యాసం ప్రతిపాదన.

కీలకపదాలు: శరణార్థులు, కాందిశీకులు, భూటాన్, లోట్షంపాలు, పునరావాసం, పౌరసత్వం, స్వావలంబన.

1. ఉపోద్ఘాతం

స్వస్థలం విడిచి పరాయి నేలకు చేరిన వారిని సూచించడానికి తెలుగులో రెండు మాటలు వాడుకలో ఉన్నాయి. ఒకటి కాందిశీకుడు, రెండవది శరణార్థి. బర్మా నుండి తిరిగివచ్చిన తెలుగువారిని 'బర్మా కాందిశీకులు' అని వ్యవహరించడం ఆంధ్రదేశంలో సుపరిచితమే. ఏ దిక్కుకు పోవాలో తెలియక పరుగుతీసేవాడు అన్నది కాందిశీక శబ్దానికి వ్యుత్పత్త్యర్థం. ఆశ్రయం కోరేవాడు శరణార్థి. 'శరణం' అనే పదానికి సంస్కృత నిఘంటువులు రక్షకుడు అనే అర్థంతో పాటు గృహం అనే అర్థాన్నీ చెబుతున్నాయి. ఈ రెండర్థాల మధ్య ఉన్న దూరమే పునరావాస సమస్య స్వరూపం. రక్షణను ఒక ప్రభుత్వం ఒక ఉత్తర్వుతో ఇవ్వగలదు. గృహాన్ని మాత్రం శరణార్థి తానే, కొన్నేళ్ళపాటు, తనకు తెలియని పరికరాలతో కట్టుకోవలసి ఉంటుంది.

1951 నాటి ఐక్యరాజ్యసమితి ఒడంబడిక శరణార్థి అంటే ఎవరో నిర్వచించింది. జాతి, మతం, జాతీయత, ఒక సామాజిక వర్గంలో సభ్యత్వం, రాజకీయాభిప్రాయం అనే కారణాలలో దేనివల్లనైనా హింసకు గురవుతామన్న సహేతుకమైన భయంతో స్వదేశం వెలుపల ఉంటూ, ఆ దేశపు రక్షణ పొందలేని వ్యక్తి శరణార్థి. వారి సమస్యకు మూడు శాశ్వత పరిష్కారాలను అంతర్జాతీయ వ్యవస్థ గుర్తిస్తుంది: స్వచ్ఛందంగా స్వదేశానికి తిరిగివెళ్ళడం, ఆశ్రయమిచ్చిన దేశంలోనే కలిసిపోవడం, మూడవ దేశంలో పునరావాసం పొందడం. ప్రపంచ శరణార్థులలో ఏటా ఒక శాతం కన్నా తక్కువ మందికే ఈ మూడవ అవకాశం దక్కుతోంది. భూటాన్ శరణార్థులలో అత్యధికులకు అది దక్కింది. అందువల్ల పునరావాసం అన్న పరిష్కారం వాస్తవంలో ఎంతవరకు పనిచేస్తుందో పరిశీలించడానికి వారి అనుభవం తగిన ఆధారం.

2. నేపథ్యం: రసీదుపై నిలిచిన పౌరసత్వం

పందొమ్మిదవ శతాబ్దం చివరి నుండి నేపాలీ భాషీయులైన రైతులు భూటాన్ దక్షిణ ప్రాంతంలోని కొండవాలు అడవులను నరికి సాగుభూములుగా మార్చారు. వరి, ఏలకులు, నారింజ పండించారు. వీరిని భూటాన్‌లో 'లోట్షంపాలు', అంటే దక్షిణాది వారు అని పిలుస్తారు. 1958 నాటి జాతీయతా చట్టం వీరిలో చాలామందికి పౌరసత్వం కల్పించింది. అయితే 1985 పౌరసత్వ చట్టం నిబంధనలను కఠినతరం చేసింది. 1958 డిసెంబరు 31 నాటికి దేశంలో నివసిస్తున్నట్లు రుజువు చూపడం కీలకమైన ప్రమాణంగా మారింది.

1988లో దక్షిణ జిల్లాలలో జరిగిన జనగణన ప్రజలను ఏడు వర్గాలుగా విభజించింది. 1958 నాటి భూమిశిస్తు రసీదు చూపగలిగినవారు నిజమైన పౌరులుగా నమోదయ్యారు. మూడు దశాబ్దాల నాటి కాగితం భద్రపరచుకోలేని రైతులు, వేరే సంవత్సరపు రసీదు మాత్రమే ఉన్నవారు విదేశీయుల జాబితాలో చేరే ప్రమాదంలో పడ్డారు. ఒకే ఇంటిలో భార్య ఒక వర్గంలోనూ, భర్త మరొక వర్గంలోనూ నమోదైన సందర్భాలున్నాయి. 1989లో ఉత్తరాది వేషధారణ, మర్యాదలను దేశమంతటికీ తప్పనిసరి చేశారు. బడులలో నేపాలీ బోధనను తొలగించారు. 1990లో జరిగిన నిరసన ప్రదర్శనల తరువాత అరెస్టులు, బెదిరింపులు పెరిగాయి. స్వచ్ఛందంగా దేశం విడుస్తున్నట్లు రాసి ఉన్న పత్రాలపై అనేకులచేత సంతకాలు చేయించారు. వెళ్ళగొట్టబడినవారు భారత భూభాగం మీదుగా నేపాల్ తూర్పు ప్రాంతానికి చేరారు.

ఈ నేపథ్యంలో గమనించవలసిన అంశం ఒకటుంది. వీరు యుద్ధం నుండి పారిపోయినవారు కారు. పాలనాయంత్రాంగం కాగితంతో వెలివేసినవారు. పత్రం లేకపోతే మనిషికి ఉనికి లేదన్న పాఠం వారి స్మృతిలో నాటుకుంది. కొత్త దేశంలో ఎదురైన ప్రతి దరఖాస్తు, ప్రతి పరీక్ష ఆ స్మృతిని తాకకుండా ఉండలేదు.

3. శిబిర జీవితం: వేచివుండడమే వృత్తి

ఝాపా, మొరంగ్ జిల్లాలలో ఏర్పడిన ఏడు శిబిరాలలో లక్ష మందికి పైగా ఆశ్రయం పొందారు. వెదురు గుడిసెలు, ప్రపంచ ఆహార కార్యక్రమం ఇచ్చే రేషన్, స్వచ్ఛంద సంస్థల వైద్యం వారి జీవనాధారాలు. శిబిరం వెలుపల ఉద్యోగం చేయడానికి చట్టబద్ధమైన అనుమతి లేదు. కౌలుకైనా భూమి లేని రైతు రెండు దశాబ్దాలు నాగలి పట్టకుండా గడిపాడు. అయినా శిబిరాలలో బడులు చక్కగా నడిచాయి. చదువుకున్న యువతరం అక్కడే ఉపాధ్యాయులుగా, ఆరోగ్య కార్యకర్తలుగా ఎదిగింది.

నేపాల్, భూటాన్ ప్రభుత్వాల మధ్య 1993 నుండి దశాబ్దకాలం మంత్రుల స్థాయి చర్చలు జరిగాయి. 2001లో ఖుదునాబారీ శిబిరంలో ఉమ్మడి పరిశీలన ప్రారంభమైంది. 2003లో వెలువడిన ఫలితాల ప్రకారం అక్కడివారిలో సుమారు 70 శాతం మంది 'స్వచ్ఛందంగా వలసవెళ్ళినవారు'గా తేలారు. నాడు బలవంతంగా చేయించిన సంతకం ఈనాడు వారికే వ్యతిరేక సాక్ష్యమైంది. ఒక్కరు కూడా స్వదేశానికి తిరిగివెళ్ళలేదు. ఈ ప్రతిష్టంభన వల్లనే మూడవ దేశపు పునరావాసం ముందుకు వచ్చింది. 2008 నుండి అమెరికా, కెనడా, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, డెన్మార్క్, నార్వే, నెదర్లాండ్స్, బ్రిటన్ దేశాలు కలిసి 1,13,000 మందికి పైగా స్వీకరించాయి. వీరిలో సుమారు 96 వేల మంది అమెరికాకు చేరారు.

ఈ నిర్ణయం శిబిరాలలో ఏకాభిప్రాయంతో జరగలేదు. పునరావాసానికి అంగీకరిస్తే స్వదేశానికి తిరిగివెళ్ళే హక్కును వదులుకున్నట్లే అవుతుందని ఒక వర్గం వాదించింది. పేర్లు నమోదు చేసుకోదలచినవారికి బెదిరింపులు కూడా వచ్చాయి. పెద్దలలో చాలామంది తమకోసం గాక పిల్లల భవిష్యత్తు కోసం విమానమెక్కారు.

4. పునరావాస విధానం: తొంభై రోజుల గడువు

అమెరికాలో శరణార్థుల స్వీకరణకు 1980 నాటి శరణార్థుల చట్టం ఆధారం. శరణార్థులు వీలైనంత త్వరగా ఆర్థిక స్వావలంబన సాధించాలన్నది ఆ చట్టం నిర్దేశించిన ప్రధాన లక్ష్యం. ప్రభుత్వంతో ఒప్పందం ఉన్న స్వచ్ఛంద సంస్థలు విమానాశ్రయంలో వారిని కలుసుకుని, అద్దె ఇల్లు, కనీస గృహోపకరణాలు సమకూర్చి, సామాజిక భద్రత సంఖ్యకు దరఖాస్తు చేయించి, పిల్లలను బడిలో చేర్పిస్తాయి. ఈ తొలిదశ సేవల వ్యవధి గరిష్ఠంగా 90 రోజులు. ఆ తరువాత పరిమితకాలం నగదు, వైద్య సహాయాలు లభిస్తాయి. భూటాన్ శరణార్థులు వచ్చిన కాలంలో పిల్లలు లేనివారికి ఈ వ్యవధి 8 నెలలు.

మరోవైపు అప్పు కూడా వెంటనే మొదలవుతుంది. అంతర్జాతీయ వలసల సంస్థ సమకూర్చిన విమాన ప్రయాణ వ్యయం దానం కాదు, వడ్డీలేని రుణం. వచ్చిన ఆరు నెలల నుండి వాయిదాలు చెల్లించాలి. అంటే కుటుంబం ఎంత పెద్దదైతే రుణభారం అంత ఎక్కువ.

ఇతర దేశాల విధానాలతో పోల్చినప్పుడు ఈ గడువు స్వభావం స్పష్టమవుతుంది. నార్వే 2004 నుండి అమలుచేసిన పరిచయ కార్యక్రమం భూటాన్ శరణార్థులు వచ్చిన కాలంలో సాధారణంగా రెండేళ్ళపాటు భత్యమిస్తూ భాష, సమాజ పరిజ్ఞానం నేర్పేది. ముందు భాష, ఆపై ఉద్యోగం అన్నది అక్కడి క్రమం. అమెరికాలో ముందు ఉద్యోగం, వీలైతే భాష. మొదటి పద్ధతిలో శ్రమవిపణిలోకి ప్రవేశం ఆలస్యం కావచ్చు. రెండవ పద్ధతిలో ప్రవేశం త్వరగా జరిగినా ఎదుగుదల ఆగిపోవచ్చు. రెండింటిలోనూ లోపాలున్నాయి. కాని శరణార్థి సమయాన్ని ఎవరు నిర్ణయిస్తున్నారన్న ప్రశ్న రెండింటికీ వర్తిస్తుంది.

5. ఉపాధి: వెనుకకు పడిన మెట్టు

తొలితరం భూటాన్ శరణార్థులకు దొరికిన పనులు ప్రధానంగా మాంసశుద్ధి కర్మాగారాలు, గిడ్డంగులు, హోటళ్ళ పారిశుద్ధ్యం వంటివి. భాష అంతగా అవసరంలేని పనులు కావడమే ఇందుకు కారణం. ఇక్కడ రెండు రకాల నష్టం కనిపిస్తుంది. శిబిరంలో పదేళ్ళు పాఠాలు చెప్పిన ఉపాధ్యాయుడి అనుభవానికి కొత్త దేశంలో గుర్తింపు పత్రం లేదు. నేల స్వభావం, విత్తనకాలం, పశువైద్యం తెలిసిన రైతు 'నైపుణ్యం లేనివాడు'గా నమోదవుతాడు. మొదటివాడు హోదా కోల్పోయాడు, రెండవవాడు తన విద్యే కోల్పోయాడు.

వేళలు కూడా సమస్యే. రాత్రిపూట పనిచేసేవారికి పగటి ఆంగ్ల తరగతులకు హాజరయ్యే శక్తి ఉండదు. ఆంగ్లం రానిదే పగటి ఉద్యోగం రాదు. ఈ విషవలయం నుండి బయటపడినవారిలో ఎక్కువమంది శిబిర పాఠశాలలలో ఆంగ్లం నేర్చుకున్న యువతీయువకులే. శరణార్థి శిబిరంలో విద్యపై పెట్టిన వ్యయం సుదూర దేశంలో ఫలించిందనడానికి ఇది నిదర్శనం.

మత, కుటుంబ ఆచారాలకు పని నియమాలతో ఏర్పడే ఘర్షణ మరొకటి. నేపాలీ హిందూ సంప్రదాయంలో తల్లి లేదా తండ్రి మరణిస్తే కొడుకు పదమూడు రోజులు తెల్లని వస్త్రాలు ధరించి, ఏకాంతంగా, నియమాహారంతో గడపాలి. కర్మాగారం ఇచ్చే సెలవు కొద్దిరోజులకు మించదు. ఉద్యోగమా, పితృఋణమా అన్న ఎంపిక అతనిముందు నిలుస్తుంది. ఇటువంటి నష్టాలు ఆదాయ గణాంకాలలో కనిపించవు.

6. భాష, వయస్సు, పౌరసత్వం: కుదరని లెక్క

శరణార్థిగా వచ్చిన వ్యక్తి ఒక ఏడాది తరువాత శాశ్వత నివాసానికీ, వచ్చిన తేదీ నుండి ఐదేళ్ళ తరువాత పౌరసత్వానికీ దరఖాస్తు చేసుకోవచ్చు. పౌరసత్వానికి ఆంగ్లంలో మాట్లాడడం, చదవడం, రాయడం పరీక్షిస్తారు. అమెరికా చరిత్ర, ప్రభుత్వం గురించి ప్రశ్నలడుగుతారు. యువకులకు ఇది సాధ్యమే. సొంత భాషలోనైనా అక్షరజ్ఞానం లేని వృద్ధురాలికి ఇది పర్వతం.

వృద్ధుల విషయంలో రెండు చట్టాల మధ్య పొంతన లేకపోవడం గమనార్హం. 65 ఏళ్ళు నిండిన నిరుపేదలకు నెలనెలా అందే సప్లిమెంటల్ సెక్యూరిటీ ఇన్‌కమ్ అనే సహాయం శరణార్థులకు ఏడేళ్ళు మాత్రమే లభిస్తుంది. ఆ లోపు పౌరులైతేనే అది కొనసాగుతుంది. మరోవైపు, 55 ఏళ్ళు దాటినవారికి ఆంగ్ల పరీక్ష నుండి మినహాయింపు పొందాలంటే 15 ఏళ్ళ శాశ్వత నివాసం ఉండాలి. ఉదాహరణకు 2009లో 65 ఏళ్ళ వయస్సులో వచ్చిన స్త్రీని ఊహిస్తే, ఆమె 2014లో పరీక్షకు అర్హురాలవుతుంది. 2016లో సహాయం ఆగిపోతుంది. ఆంగ్లం నుండి మినహాయింపు 2024లో, అంటే 80వ ఏట లభిస్తుంది. నడుమనున్న ఎనిమిదేళ్ళు ఆమె ఎలా బతకాలన్న ప్రశ్నకు చట్టంలో సమాధానం లేదు. వైద్యకారణాల మీద మినహాయింపు కోరవచ్చు. కాని నిరక్షరాస్యత, వార్ధక్యం వాటంతటవే వైద్యకారణాలు కావు.

ఆ భారం సహజంగా కొడుకు, కోడలి మీద పడుతుంది. రసీదు లేనందుకు ఒక దేశంలో పౌరసత్వం కోల్పోయిన వ్యక్తి, అక్షరం రానందుకు మరొక దేశంలో పౌరసత్వానికి దూరంగా ఉండిపోవడం ఈ చరిత్రలోని విషాదం. జనన పత్రాలు లేనివారి పుట్టినరోజును జనవరి 1గా నమోదుచేయడం శరణార్థుల విషయంలో సాధారణం. ఒకే ఇంటిలో అందరికీ ఒకే పుట్టినరోజు ఉండడం పైకి వింతగా కనిపించినా, ఒక సమూహపు గతాన్ని పత్రవ్యవస్థ ఎలా కుదించివేస్తుందో అది చెబుతుంది.

7. కుటుంబం: తారుమారైన తరాలు

పిల్లలు బడిలో కొన్ని నెలలకే ఆంగ్లం పట్టుకుంటారు. దానితో ఇంటికి వచ్చే ఉత్తరాలు చదవడం, వైద్యుడి దగ్గర అనువాదం చేయడం, అద్దె యజమానితో మాట్లాడడం వారి పనులవుతాయి. తల్లి వ్యాధి వివరాలను పదేళ్ళ పిల్లవాడు వైద్యుడికి చెప్పవలసిరావడం ఇద్దరికీ ఇబ్బందికరమే. శిబిరంలో పదిమందికి మాట చెప్పిన పెద్దమనిషి ఇక్కడ బస్సు ఎక్కడానికి మనవడి సాయం కోరతాడు. జ్ఞానం పెద్దల నుండి పిన్నలకు ప్రవహించే క్రమం తిరగబడుతుంది. పిల్లలకు నేపాలీ మరుగున పడేకొద్దీ తాతకూ మనవడికీ మధ్య ఉమ్మడి భాష కూడా సన్నబడుతుంది.

స్త్రీల స్థితిలో మార్పు మిశ్రమమైనది. మొదటిసారి సొంత జీతం, సొంత బ్యాంకు ఖాతా వారికి నిర్ణయాధికారాన్నిచ్చాయి. ఇంటిపని మాత్రం తగ్గలేదు. వేర్వేరు వేళలలో పనిచేసే భార్యాభర్తలు వారంలో ఒకటిరెండు రోజులే కలిసి భోంచేయగలుగుతారు. స్వావలంబన గణాంకాలలో ఇది రెండు ఆదాయాల కుటుంబం. అనుభవంలో ఇది ఒకే కప్పు కింద విడిపోయిన కుటుంబం.

8. మానసిక ఆరోగ్యం

ఈ ఒత్తిళ్ళ తీవ్రతను ప్రభుత్వ నివేదికలే నమోదు చేశాయి. 2009 ఫిబ్రవరి నుండి 2012 ఫిబ్రవరి వరకు అమెరికాలోని భూటాన్ శరణార్థులలో 16 ఆత్మహత్యలు జరిగినట్లు అమెరికా వ్యాధి నియంత్రణ, నివారణ కేంద్రాల పరిశీలన వెల్లడించింది. వయస్సు సవరించిన వార్షిక రేటు లక్షకు 20.3. అమెరికా సాధారణ జనాభాలో అది 12.4. నేపాల్ శిబిరాలలోని రేటు కూడా ఇంచుమించు ఇదే స్థాయిలో ఉండడం గమనించదగినది. సమస్య పూర్తిగా కొత్త దేశంలో పుట్టింది కాదని, అయితే కొత్త దేశం దాన్ని తగ్గించలేకపోయిందని దీన్నిబట్టి గ్రహించవచ్చు.

భాషా అవరోధం, దూరంగా ఉన్న బంధువుల గురించిన ఆందోళన, సాంస్కృతిక, మతపరమైన ఆచారాలను నిలుపుకోలేకపోవడం వలసానంతర ఇబ్బందులలో ముఖ్యమైనవిగా ఆ పరిశీలన గుర్తించింది. ఏ ఒక్క కారణానికో ఈ మరణాలను ముడిపెట్టడం శాస్త్రీయం కాదు. కాని ఉపాధిని మాత్రమే విజయానికి కొలమానంగా పెట్టుకున్న వ్యవస్థకు పని దొరకనివాడి మౌనం వినిపించదన్నది స్పష్టం. ఈ నివేదిక తరువాత నేపాలీ భాషలో మానసిక ప్రథమచికిత్స శిక్షణలు ఇవ్వడం, సముదాయ పెద్దలను అందులో భాగస్వాములను చేయడం మేలైన పరిణామం.

9. సమూహ నిర్మాణం: శరణార్థులే కట్టుకున్న ఇల్లు

శరణార్థులను అనేక రాష్ట్రాలకు చెదరగొట్టి పంపడం అమెరికా విధానంలో భాగం. స్థానిక వనరులపై భారం తగ్గించడం దాని ఉద్దేశం. భూటాన్ శరణార్థులు దీనికి తమదైన జవాబు చెప్పారు. స్థిరపడిన కొద్దికాలానికే బంధువులున్న చోటికి మళ్ళీ తరలివెళ్ళారు. ఒహాయో రాష్ట్రంలోని కొలంబస్, అక్రన్, పెన్సిల్వేనియాలోని పిట్స్‌బర్గ్, హారిస్‌బర్గ్ నగరాలలో పెద్ద సముదాయాలు ఏర్పడ్డాయి. కిరాణా దుకాణాలు, దేవాలయాలు, సంఘాలు, ఉమ్మడి కూరగాయల తోటలు వెలిశాయి. దసైం, తిహార్ పండుగలకు జనం కూడే వీలు కలిగింది. ఇంటివద్ద వృద్ధులకు సేవచేసే వృత్తిలో ప్రవేశించినవారు తమ భాషే తెలిసిన పెద్దలకు ఆసరా అయ్యారు.

సమ్మేళనానికి సంబంధించి ఆలస్టెయిర్ ఏగర్, ఆలిసన్ స్ట్రాంగ్ 2008లో ప్రతిపాదించిన నమూనా ఈ సందర్భంలో ఉపకరిస్తుంది. ఉపాధి, గృహవసతి, విద్య, ఆరోగ్యం సమ్మేళనానికి సూచికలు మాత్రమే కాక సాధనాలు కూడా. సొంత సముదాయంతో బంధాలు, ఇతర సముదాయాలతో వారధులు, ప్రభుత్వ సంస్థలతో అనుసంధానాలు వాటిని కలుపుతాయి. భాష, భద్రత దారిని సుగమం చేస్తాయి. వీటన్నిటికీ హక్కులు, పౌరసత్వం పునాది. భూటాన్ శరణార్థులు బంధాలను వేగంగా కట్టుకున్నారు. పునాది మాత్రం వారి చేతిలో లేదు.

10. శాశ్వత పరిష్కారం ఎంత శాశ్వతం?

ఆ పునాది ప్రాముఖ్యం 2025లో స్పష్టమైంది. నేరశిక్షలు పడిన, పౌరసత్వం పొందని కొందరు భూటాన్ శరణార్థులను అమెరికా ఆ ఏడాది మార్చి నుండి భూటాన్‌కు పంపడం మొదలుపెట్టింది. భూటాన్ వారిని ఉండనివ్వకుండా భారత సరిహద్దుకు చేర్చినట్లు, వారిలో కొందరు నేపాల్ చేరి నిర్బంధానికి గురైనట్లు వార్తలు వెలువడ్డాయి. చిన్ననాడు శిబిరంలో ఉన్నవారు, శిబిరంలోనే పుట్టినవారు మళ్ళీ అదే సరిహద్దుల మధ్య నిలబడ్డారు. నేరానికి శిక్ష ఉండడం న్యాయం. శిక్ష ముగిసిన మనిషిని ఏ దేశమూ తనవాడని ఒప్పుకోని స్థితికి నెట్టడం వేరు విషయం. మళ్ళీ 'ఏ దిక్కు?' అన్న ప్రశ్నే మిగిలింది. శరణార్థి తిరిగి కాందిశీకుడయ్యాడు.

11. ముగింపు

భూటాన్ శరణార్థుల అనుభవం నుండి ఈ అంశాలు తేలుతున్నాయి.

• పునరావాసం ఒక రోజున పూర్తయ్యే ఘటన కాదు. 90 రోజులు, 8 నెలలు, 7 ఏళ్ళు అనే పాలనాపరమైన గడువులకూ, మనిషి కుదుటపడే కాలానికీ పొంతన లేదు.

• త్వరిత స్వావలంబనను మాత్రమే విజయంగా లెక్కించే విధానం యువకుల శ్రమను చూస్తుంది, వారి విద్యను చూడదు. వృద్ధులను అసలే చూడదు.

• శిబిరాలలో విద్యపై పెట్టే వ్యయం, తొలి రెండేళ్ళలో భాషాబోధనపై పెట్టే వ్యయం తరువాతి దశాబ్దాలకు ఆధారమవుతాయి.

• వృద్ధుల సహాయ గడువునూ, ఆంగ్ల మినహాయింపు నియమాన్నీ సమన్వయం చేయడం తక్షణావసరం.

• పౌరసత్వం సిద్ధించేవరకు పునరావాసాన్ని శాశ్వత పరిష్కారమని పిలవడం తొందరపాటే.

ఈ సముదాయం సాధించినది తక్కువ కాదు. ఒక తరం కాలంలో వెదురు గుడిసెల నుండి సొంత ఇళ్ళకు, రేషన్ వరుసల నుండి సొంత దుకాణాలకు వారు చేరారు. ఆ విజయం వారి శ్రమకు చెందినది. దాన్ని విధానాల విజయంగా మాత్రమే చదివితే, దారిలో మిగిలిపోయినవారు లెక్కకు రారు. శరణార్థి అధ్యయనాలు ఇకపై ఎందరిని స్వీకరించారన్న సంఖ్యతో ఆగక, స్వీకరించిన ఇరవై ఏళ్ళ తరువాత ఆ ఇళ్ళలో వృద్ధులు ఎలా ఉన్నారన్న ప్రశ్నను కూడా వేయవలసి ఉంది. శరణానికి గృహమనే అర్థం నెరవేరిందో లేదో అక్కడే తేలుతుంది.